జనరేటర్ సామర్థ్యం: మా దుకాణంలో ఇకపై పాటించే పద్ధతి

మా వినియోగదారులందరికీ నమస్కారం.

"మాది మూడు గదుల ఇల్లు, ఎంత జనరేటర్ కావాలి?" అని అడిగేవారికి ఇకపై మేము వెంటనే ఒక అంకె చెప్పబోవడం లేదు. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏయే పరికరాలు తప్పనిసరిగా నడవాలో రాసి, వాటి రేటింగు ప్లేట్ల (పరికరం ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసి ఉండే రేకుల) ఫోటోలతో పంపిన తరువాతే సామర్థ్యం సూచిస్తాము. దీనివల్ల కొనుగోలు కొంత ఆలస్యం కావచ్చు, మీరు అనుకున్నదానికంటే చిన్న యంత్రమే చాలునని మేము చెప్పవలసి రావచ్చు. మాకు వచ్చే రాబడి తగ్గినా, గదుల లెక్కన జనరేటర్ అమ్మడం మాకు సమ్మతం కాదు.

సామర్థ్యాన్ని నిర్ణయించేది ముఖ్యంగా మోటారు. బల్బు, టీవీ వంటివి దాదాపు ఎప్పుడూ ఒకే స్థాయిలో కరెంటు తీసుకుంటాయి. ఫ్రిజ్ కంప్రెసర్, నీటి మోటారు మాత్రం తిరగడం మొదలయ్యే ఆ ఒకటి రెండు క్షణాలలో మామూలుగా తీసుకునేదానికి ఎన్నో రెట్లు లాగుతాయి. ఒక ఉదాహరణ చూడండి. ఫ్రిజ్‌కు 200 వాట్లు, నాలుగు ఫ్యాన్లకు 300, పది ఎల్‌ఈడీ బల్బులకు 90, టీవీకి 100, రౌటరుకు 10 వేసుకుంటే మొత్తం 700 వాట్లు. ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు నాలుగు రెట్లు, అంటే 800 వాట్లు, తీసుకుంటుందనుకున్నా ఆ క్షణంలో మొత్తం 1300 వాట్లు దాటదు కనుక, 2 కిలోవాట్ల యంత్రం ఈ ఇంటిని నిశ్చింతగా నడుపుతుంది. అదే ఇంట్లో 1 హెచ్‌పీ నీటి మోటారును కూడా దీని మీదే నడపాలంటే, అది తిరుగుతున్నప్పుడు సుమారు 1100 వాట్లు, మొదలయ్యేటప్పుడు మూడు రెట్లు లెక్కగట్టినా 3300 వాట్లు కావాలి. మిగతా 700 కలిపితే 4000 అవుతుంది. ఒక్క మోటారు కోసం రెట్టింపు యంత్రం కొనవలసి వస్తుందన్నమాట. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకునే వీలుంటే ఆ ఖర్చు మిగులుతుందని మేము ప్రతి ఒక్కరికీ చెబుతున్నాము. ఏసీ విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే ఇన్వర్టర్ ఏసీలు మెల్లగా వేగం పుంజుకుంటాయి కాబట్టి అంత భారం మోపవు.

జనరేటర్ మీద పెద్ద అక్షరాలతో ముద్రించే అంకె తరచుగా అది కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి. గంటల తరబడి ఇవ్వగలిగేది దానికంటే తక్కువగా ఉంటుంది. మీరు చూడవలసింది ఆ రెండో అంకెను. ఆ అంకె కిలోవాట్లలో కాక కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్)లో రాసి ఉంటే దానిని పవర్ ఫ్యాక్టరుతో, అంటే అందులో నిజంగా పనికొచ్చే శక్తి వాటాతో, గుణించాలి: 0.8 పవర్ ఫ్యాక్టరు ఉన్న 5 కేవీఏ యంత్రం ఇచ్చేది 4 కిలోవాట్లే. ఎత్తైన కొండ ప్రాంతాలలో గాలి పలచబడటం వల్ల ఇంజను శక్తి ఇంకా తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం చొప్పున.

అలాగని అవసరానికి మించి పెద్దది కొనడం క్షేమమని అనుకోవద్దు. తక్కువ భారంతో తిరిగే పెద్ద ఇంజను వాడిన ప్రతి యూనిట్‌కూ ఎక్కువ ఇంధనం తాగుతుంది, మోత ఎక్కువ చేస్తుంది. డీజిలు ఇంజను అయితే తగినంత వేడెక్కక, పూర్తిగా కాలని ఇంధనం పొగగొట్టంలో జిడ్డుగా పేరుకుంటుంది. రోజువారీ వాడకం యంత్రం నిరంతర సామర్థ్యంలో సగం నుంచి ముప్పావు వంతు మధ్య ఉండేలా ఎంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. కంప్యూటర్లు ఎక్కువగా వాడేవారికి, స్థిరమైన వోల్టేజీ ఇచ్చే ఇన్వర్టర్ జనరేటర్‌నే సూచిస్తాము.

రెండు విషయాలలో మాత్రం మినహాయింపు ఇవ్వలేము. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అది నిద్రలోనే ప్రాణం తీయగలదు. కనుక యంత్రాన్ని తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా, ఆరుబయట ఉంచుకునే చోటు మీకు ఉండాలి. వరండా, గ్యారేజీ పనికిరావు. రెండోది చేంజోవర్ స్విచ్, అంటే ఇంటి వైరింగును ఒకసారికి వీధి కరెంటుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్. అది లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగుకు కలిపితే కరెంటు వెనక్కు వీధి తీగల్లోకి ప్రవహించి, లైను బాగుచేస్తున్న కార్మికుడి ప్రాణానికే ముప్పు తెస్తుంది. అందుచేత ఇంటి వైరింగుకు కలపదలచినవారు అర్హుడైన ఎలక్ట్రీషియన్‌తో ఆ స్విచ్ బిగించుకున్న తరువాతే మేము యంత్రాన్ని అప్పగిస్తాము.