నా ఫిర్యాదు కౌన్సిలర్ మనుషుల ఫోన్‌లోకి ఎలా చేరింది?

పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంటుంది. మురుగు కాలువ పొంగి గడప దాకా వస్తోందని వార్డు కౌన్సిలర్‌కు చెప్పుకోవడానికి వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. పదిమంది ముందు ఆయన అన్న మాట ఇది: "ఓటు వాళ్లకేసి కాలువ నేను తీయించాలా? పో, వాళ్లనే అడుగు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. కాలువ సంగతి అలా ఉంచండి, ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, సంతకం అన్నీ పెట్టాను. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో స్టాంపు వేసి నకలు ఇచ్చారు. ఆ సాయంత్రమే కౌన్సిలర్ మనుషులు ఇద్దరు మా ఇంటికొచ్చారు. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మా ఆయన్ని పక్కకు పిలిచి "మీ ఆవిడకి కాస్త చెప్పుకోండన్నా" అన్నారు. వాళ్ల ఫోన్‌లో నా ఫిర్యాదు ఫొటో ఉంది. అందులో స్టాంపు సిరా ఓ మూల అలుక్కుపోయి ఉంది. నా నకలు మీద స్టాంపు శుభ్రంగా ఉంది. అంటే ఫొటో తీసింది ఆఫీసులో ఉన్న అసలు కాగితాన్నే.

ఎవరో ఒక గుమాస్తాను సస్పెండ్ చేయమని నేను అడగడం లేదు. కౌన్సిలర్ మీద వచ్చిన ఫిర్యాదును, అదే మున్సిపాలిటీలో ఆయనతో రోజూ పని ఉండే ఉద్యోగికే విచారణకు ఇచ్చారు. రేపు కౌన్సిల్ సమావేశంలో తనను నిలదీయగలిగే మనిషి గురించి ఆ ఉద్యోగి ఏం రాస్తాడు? "సమస్య పరిష్కారమైంది" అని రాసి ఫైలు మూసేశారు. కాలువ తీశారు, నిజమే. కానీ నేను ఫిర్యాదు చేసింది ఆయన ప్రవర్తన మీద. దాని గురించి ఒక్క వాక్యం లేదు.

లంచం అడిగితే 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉంది, ఏసీబీ ఉంది. సమాచారం అడిగితే 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఓటు పేరు చెప్పి అవమానించి పంపిస్తే ఎవరి దగ్గరికి పోవాలో, ఎన్ని రోజుల్లో తేలుస్తారో మా మున్సిపల్ ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు. అవినీతిని, అధికార దుర్వినియోగాన్ని బయటపెట్టేవాళ్ల పేరు దాచాలని పార్లమెంటు 2014లో చట్టం చేసింది. అదింకా అమల్లోకే రాలేదు.

కౌన్సిలర్ల మీద ఫిర్యాదులను ఆ మున్సిపాలిటీతో సంబంధం లేని అధికారితో విచారణ చేయించండి. ఆరోపణ ఏమిటో కౌన్సిలర్‌కు చెప్పాలి, ఆయన వాదన వినాలి, అది ఆయన హక్కు. మా ఇంటి నంబరు, ఫోన్ నంబరు మాత్రం ఆయనకు అక్కర్లేదు. నెల లోపు, కారణాలతో సహా, రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి.

ఆ రోజు అక్కడున్నవాళ్లలో ఇద్దరు సాక్ష్యం చెప్తామన్నారు. ఫొటో సంగతి తెలిశాక ఇద్దరూ వెనక్కి తగ్గారు. పిల్లలున్నవాళ్లు, వాళ్లను నేను తప్పు పట్టను. పెద్దావిడ మాత్రం వస్తానంటోంది. మీరు ఎవరిని పంపినా సరే, కౌన్సిలర్ మనుషులు లేని చోట కూర్చోబెట్టి ఆవిడ చెప్పేది పూర్తిగా వినమనండి.

ఇట్లు,
ఒక వార్డు ఓటరు