పాత సీఎఫ్ఎల్‌ను చెత్తబుట్టలో వేయకండి

సంపాదకుడు గారికి,

నేను ఇళ్లలో కరెంటు పనులు చేసే ఎలక్ట్రీషియన్‌ని. పాత సీఎఫ్ఎల్ బల్బులు తీయించి ఎల్ఈడీలు పెట్టించుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. తీసిన బల్బు మాత్రం నేరుగా చెత్తబుట్టలోకి పోతోంది. అక్కడ అది పగిలితే, ఆ ముక్కల మీద చెయ్యి పడేది పారిశుద్ధ్య కార్మికులదే. నా బాధ అదే.

సీఎఫ్ఎల్ వెలిగేది లోపలి పాదరసం ఆవిరి వల్ల. ఒక్కో బల్బులో ఉండేది సుమారు 3 నుంచి 5 మిల్లీగ్రాములే. పాత జ్వరం థర్మామీటరులో ఇంతకు వంద రెట్ల దాకా ఉండేది. కాబట్టి ఇంట్లో ఒక బల్బు పగిలిందని టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఊరంతటి బల్బులూ చెత్తలో చితికినా, మంటల్లో కాలినా ఆ పాదరసం గాలిలో కలుస్తుంది, చివరికి నీళ్లలోకి చేరి చేపల్లో పేరుకుంటుంది.

తీసేటప్పుడు స్విచ్ ఆపి, బల్బు చల్లారాక, గాజు గొట్టాన్ని కాకుండా కింది ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని తిప్పండి. కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలో పట్టితే అందులోనే పెట్టి, పిల్లలకు అందనిచోట ఉంచండి. సంచిలో పట్టడం లేదని, ఇలాగే పాదరసం ఉండే ట్యూబ్‌లైటును విరగ్గొట్టడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి.

ఒకవేళ పగిలితే పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని బయటికి పంపండి. ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పది నిమిషాలు మీరూ ఆ గదిలో ఉండకండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు, అవి బల్బు లోపలి పాదరసం అంటిన పొడిని ఇంకా లేపుతాయి. గట్టి అట్టముక్కతో గాజును ఎత్తి, సన్నని రవ్వల్ని టేపుతో అద్ది, తడి కాగితంతో తుడవండి. అన్నీ మూత ఉన్న గాజు సీసాలో వేసి బయట ఉంచండి. పాకే పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

రీసైక్లింగ్ కేంద్రాల్లో బల్బుల్ని మూసి ఉన్న యంత్రంలో నలగ్గొట్టి గాజు, లోహం, పొడి వేరుచేస్తారు. పొడిని వేడిచేసి పాదరసాన్ని తిరిగి రాబడతారు. ఎల్ఈడీలో పాదరసం లేకున్నా లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది, కాబట్టి దాన్నీ ఈ-వ్యర్థాలతోనే ఇవ్వాలి.

ఇళ్లలో వాడే మామూలు సీఎఫ్ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతి 2025 కల్లా ఆపాలని పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందమైన మినమాటా ఒప్పందంలోని దేశాలు 2022లో నిర్ణయించాయి. అంటే ఇళ్లలో మిగిలిన చివరి సీఎఫ్ఎల్‌లు బయటికొచ్చే కాలం ఇదే. బల్బులు అమ్మే ప్రతి దుకాణంలో పాతవి వేసే పెట్టె పెట్టించి, దాన్ని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత స్థానిక సంస్థలు తీసుకోవాలని కోరుతున్నాను. తీసిన బల్బును ఆ పెట్టెదాకా చేర్చే పని మాలాంటి ఎలక్ట్రీషియన్లం చేయగలం.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్