కు.ని.కి పనికొచ్చిన చేయి సిజేరియన్‌కు పనికిరాదా?

సంపాదకులకు నమస్కారం.

పల్లెల్లో పనిచేసే ఎంబీబీఎస్ వైద్యులకు శస్త్రచికిత్సలో శిక్షణ ఇవ్వాలన్న విషయమై మీ పత్రికలో పది రోజుల కిందట వచ్చిన వార్తను, దాని పక్కనే మన బెంగళూరు స్పెషలిస్టు ఒకరు వెలిబుచ్చిన అభిప్రాయాన్ని చదివాను. కోపంలో రాసింది కుదురుగా ఉండదని ఆగాను. పది రోజులైనా కోపం తగ్గలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను. ఇది పల్లె జనం ప్రాణాలతో ప్రయోగం చేయడమేనని ఆయన తేల్చేశారు. ప్రభుత్వ ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఆ మాట మింగుడుపడలేదు.

ఆ ప్రయోగం ఎన్నడో మొదలైందని ఆయనకు తెలియదనుకోను. మినీల్యాప్ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్, అంటే జనం నోట్లో కు.ని., చేయడానికి శిక్షణ పొందిన ఎంబీబీఎస్ వైద్యుడు చాలునని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. పొట్ట కోసి, గర్భనాళాలు వెతికి పట్టుకుని, ముడివేసి కత్తిరించి, మళ్లీ కుట్టే పని అది. టార్గెట్లు పూర్తికాని ఏళ్లలో మార్చి నెల వచ్చిందంటే ఆడవాళ్లను వరసగా బల్ల ఎక్కించడం నేను కళ్లారా చూశాను. అప్పుడు స్పెషలిస్టు కావాలని ఎవరికీ తోచలేదు. పుట్టబోయేవాళ్లను ఆపడానికి పనికొచ్చిన ఆ చేయి, కడుపులో అడ్డం తిరిగిన బిడ్డను బయటికి తీయవలసి వచ్చేసరికి మాత్రం అనర్హమైపోయింది. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో 83 మందికి కు.ని. ఆపరేషన్లు చేసినప్పుడు పలువురు మహిళలు చనిపోయారు. కారణం మందులా, శుభ్రత లోపమా అని చాలాకాలం వాదించుకున్నారు గాని, కత్తి పట్టినవారికి అనుభవం లేదని ఎవరూ అనలేకపోయారు. వేల ఆపరేషన్లు చేసిన సర్జన్ ఆయన. డిగ్రీ ఒక్కటే ప్రాణాలు కాపాడదు.

ఇక స్పెషలిస్టుల సంగతి. మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేల జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం, ముప్పై పడకలు, అందులో సర్జన్, ప్రసూతి నిపుణులు, ఫిజీషియన్, పిల్లల డాక్టరు ఉండాలని కాగితం మీద రాసుకున్నాం. 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని ఆ కేంద్రాలకు కావలసిన సర్జన్లలో సుమారు 83 శాతం మంది లేరు, ప్రసూతి నిపుణుల్లో 74 శాతం మంది లేరు. ఏటా పోస్టులు ప్రకటిస్తారు, ఏటా ఖాళీగానే మిగులుతాయి, మరుసటి ఏడు జీతం కొంచెం పెంచి మళ్లీ అదే ప్రకటన వేస్తారు. రానివాళ్ల కోసం కుర్చీ తుడిచిపెట్టి, వచ్చి కూర్చున్న ఎంబీబీఎస్ డాక్టరు చేత జ్వరం బిళ్లలు, రెఫరల్ చీటీలు మాత్రమే రాయించుకునే పద్ధతి మన ఆరోగ్య శాఖకే చెల్లింది.

ప్రభుత్వానికి ఈ ఆలోచన రాలేదని కూడా అనలేం. ఎంబీబీఎస్ వైద్యులకు సిజేరియన్‌తో సహా అత్యవసర ప్రసూతి సేవల్లో 16 వారాలు, ప్రాణరక్షక మత్తు వైద్యంలో 18 వారాలు శిక్షణ ఇచ్చే పథకాలు ఇరవై ఏళ్ల కిందటే వచ్చాయి. మంచి పథకాలు. అయితే కోసే డాక్టరు, మత్తు ఇచ్చే డాక్టరు, నిల్వ ఉన్న రక్తం, ఈ మూడూ ఒకే కప్పు కింద ఉంటేనే ఆ శిక్షణకు అర్థం. శిక్షణ ఇచ్చిన చేత్తోనే ఒకరిని తూర్పుకు, మరొకరిని పడమరకు బదిలీ చేస్తే, చేతిలో సర్టిఫికెట్టు మిగులుతుంది గాని చేయి మొద్దుబారిపోతుంది.

నా మాట ఊహ కాదు. కర్ణాటకలోనే అయినా ఇంటింటా తెలుగు మాట్లాడే సరిహద్దు తాలూకాల్లో ఒకదానిలో మా చెల్లెలి కుటుంబం ఉంది. వాళ్ల కోడలికి తొలికాన్పు నొప్పులు మొదలైన రాత్రి అక్కడి కేంద్రంలో థియేటర్ ఉంది, బల్ల ఉంది, లైటు వెలుగుతోంది, సిజేరియన్‌లో శిక్షణ పొందిన డాక్టరమ్మ డ్యూటీలోనే ఉంది. మత్తు డాక్టరును మాత్రం రెండు నెలల ముందే జిల్లా కేంద్రానికి పంపేశారు. ఆ డాక్టరమ్మ కన్నీళ్లు పెట్టుకుని బెంగళూరుకు చీటీ రాసింది. 108 వచ్చేసరికి గంట, దారిలో రెండు గంటలకు పైగా, తెల్లవారాక హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ఇంకొంత. ఇక్కడికి చేరేసరికి గర్భసంచి చిట్లిపోయింది. బిడ్డ దక్కలేదు, గర్భసంచి తీసేశారు, కోడలు మాత్రం బతికింది. ఆమెకు ఇరవై రెండేళ్లు.

జాగ్రత్తలు వద్దని నేను అనడం లేదు. పల్లె డాక్టరు గుండె కోయనక్కర్లేదు. సిజేరియన్, అపెండిక్స్, పేగు మెలిపడి వచ్చినవాళ్లను నిలబెట్టడం, ఎముక బయటికి వచ్చిన గాయాన్ని కడిగి కట్టడం, వీటిని ఏడాదిపాటు పెద్దాసుపత్రిలో పగలూ రాత్రీ చేయించి నేర్పాలి, ఏది ముట్టుకోకూడదో అంతకంటే గట్టిగా నేర్పాలి, ఆ తరువాత కూడా ఏటా కొన్ని వారాలు పిలిపించి చేయి ఆడేలా చూడాలి. కెనడాలో కుటుంబ వైద్యులు, గ్రామీణ వైద్యులు, సర్జన్లు, ప్రసూతి నిపుణుల సంఘాలు కలిసి కూర్చుని 2015లో దీనిపై ఉమ్మడి పత్రమే విడుదల చేశాయి. ఆస్ట్రేలియా మారుమూల ఊళ్లలో మత్తు ఇచ్చే జనరల్ డాక్టర్లు, కాన్పులు చేసే జనరల్ డాక్టర్లు మామూలే. అక్కడి సర్జన్లు పక్కన నిలబడి నేర్పుతారు. ఇక్కడివారు పత్రికలకు అభిప్రాయాలు ఇస్తారు.

ఆయుర్వేద పీజీ వైద్యులకు 58 రకాల శస్త్రచికిత్సలు అనుమతిస్తూ 2020 నవంబరులో ఉత్తర్వు వచ్చినప్పుడు, డిసెంబరు 11న అల్లోపతి డాక్టర్లు దేశమంతటా ఓపీలు ఆపి ఆందోళన చేశారు. సొంత ఎంబీబీఎస్ పిల్లలకు ఆపరేషన్ నేర్పమని కోరుతూ మాత్రం ఒక్క పూట కూడా ఓపీ ఆపిన గుర్తు నాకు లేదు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో హౌస్ సర్జన్లు అర్ధరాత్రి కేసు కోసం థియేటర్ తలుపు దగ్గర కాచుకుని, కుట్టు వేసే అవకాశం కోసం పోటీపడేవారు. నేను రిటైరయ్యేనాటికి వాళ్లు డ్యూటీ గదిలో పీజీ నీట్ ప్రశ్నల పుస్తకం ముందు కూర్చుంటున్నారు. వాళ్లను అనీ లాభం లేదు. కుట్టు వేయడం వస్తే ఎవరూ మార్కులు వేయరు కదా.

పోయిన నెల మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు ఆ కేంద్రానికి కూడా వెళ్లి వచ్చాను. మత్తు డాక్టరు ఇంకా రాలేదు. మత్తు ఇచ్చే బాయిల్స్ మెషీన్ మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ అలాగే ఉంది. దుమ్ము పట్టకుండా దాన్ని నెలకోసారి ఉతుకుతున్నామని అక్కడి సిస్టర్ చెప్పింది.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
యలహంక, బెంగళూరు