అమ్మలూ, ఆ కారుకు అడ్వాన్స్ ఇచ్చేముందు

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో ఆ సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే కారు) గురించి చెబుతుంటే నీ గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. కానీ నువ్వు చెప్పిందంతా మైలేజీ గురించే. పన్నెండేళ్లు అలాంటి కారే నడిపినవాణ్ని, మిగతా ఖర్చుల సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు పెట్రోల్ లెక్క చూద్దాం. మామూలు కారు వంద కిలోమీటర్లకు 6 లీటర్లు, హైబ్రిడ్ 4 లీటర్లు తాగుతుందనుకో. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 200 లీటర్లు, ఐదేళ్లకు 1,000 లీటర్లు. హైబ్రిడ్ అని నువ్వు అదనంగా పెడుతున్న డబ్బు ఆ వెయ్యి లీటర్లతో తిరిగొస్తుందా, చూసుకో. ఆ మిగులు కూడా ట్రాఫిక్‌లోనే ఎక్కువ. బ్రేక్ వేసినప్పుడల్లా మోటారు కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపుతుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే ఆ లాభం బాగా తగ్గిపోతుంది.

బ్రేక్ ప్యాడ్లు మాత్రం చాలాకాలం వచ్చాయి, మొదటి సెట్ లక్ష కిలోమీటర్లు దాటాకే మార్చాను. ఇంజిన్ ఆయిల్, టైర్లు, ఇన్సూరెన్స్ మామూలే.

ఇక ఆ మోటారును నడిపే పెద్ద బ్యాటరీ. చిన్నప్పుడు నువ్వు వెనక సీట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోయేదానివి, గుర్తుందా? ఆ సీటు పక్కనే అరచేతి వెడల్పున ఒక జాలీ ఉండేది. బ్యాటరీని చల్లబరిచే గాలి కారు లోపలినుంచి ఆ జాలీ గుండానే వెళ్తుంది. నీ దుప్పటి అంచు దానికి అడ్డంగా పడి ఉండేది. నేనేమో అది ఏసీ కోసం అనుకున్నాను. తొమ్మిదో ఏట డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగాక ఆ మూత తీయించి చూస్తే, ఫ్యాన్ రెక్కలకు నూలుపోగులు, వెంట్రుకలు, దుమ్ము కలిసి ముద్దగా పట్టేసి ఉన్నాయి. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నీ తప్పేం లేదమ్మా, తెలుసుకోవాల్సింది నేను.

అప్పుడు ఇంకో పొరపాటు చేశాను. ఆ పెద్ద బ్యాటరీ మాడ్యూళ్లు అనే చిన్న చిన్న భాగాలు కలిపి చేసిన ప్యాక్. ఒక వర్క్‌షాపులో చెడిపోయిన మాడ్యూల్ ఒక్కటే మారిస్తే చాలన్నారు, చవకగా అయిపోతుందని సరేనన్నాను. నాలుగు నెలలకే దీపం మళ్లీ వెలిగింది. మిగతా మాడ్యూళ్లకూ అదే వయసు, అదే అలసట, ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉంటాయి. చివరికి ప్యాక్ మొత్తం మార్చాల్సి వచ్చింది, ముందు పెట్టిన డబ్బు నీళ్లపాలైంది.

ఇలా చెప్పానని భయపడకు. టయోటా మొదటి ప్రియస్ 1997లో వచ్చింది. ఆ తర్వాత ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన హైబ్రిడ్లు చాలానే ఉన్నాయి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తాయి. నువ్వు చూసిన కారుకు తొమ్మిదేళ్లు అన్నావు. అంటే ఇక బ్యాటరీ భారం నీదే. కొత్త ప్యాక్ ధర కనుక్కుని, అందులో సగమైనా తగ్గించమని బేరం ఆడు. తగ్గించకపోతే వదిలెయ్, నా మాట విను.

అన్నట్టు, వీటిలో మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. వారాల తరబడి కదపకుండా ఉంచితే అది దిగిపోతుంది, పెద్ద బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉన్నా కారు లేవదు. ఊరెళ్లి వచ్చిన రోజు నాకు రెండుసార్లు ఇదే అయింది.

శనివారం వెళ్లినప్పుడు వెనక సీటు దగ్గర జాలీ ఎక్కడుందో అడిగి, టార్చ్ వేసి చూడు, ఫోటో తీసి నాకు పంపు. సర్వీసు కాగితాలు, బ్యాటరీ టెస్ట్ రిపోర్టు చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. నన్ను రమ్మంటే పొద్దున్నే బయల్దేరి వస్తాను.

ప్రేమతో,
నాన్న