బతికున్న ఆల్చిప్పకి 2300 ఏళ్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఓ మూల వేసిన చిన్న ఐటమ్ గురించి ఈ ఉత్తరం. ఏటిలో బతికున్న ఆల్చిప్పకి కార్బన్ డేటింగ్ (పాతవాటి వయసు లెక్కగట్టే టెస్ట్) చేస్తే 2300 ఏళ్లు వచ్చిందంట, కాబట్టి ఈ డేటింగంతా బోగస్ అని తేల్చేశారు. అదే ముక్క మా వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరగతా ఉంది.

ఆ రిజల్ట్ నిజమేనండీ, ఎవురూ దాచలా. కీత్, ఆండర్సన్ అనే ఇద్దరు సైంటిస్టులు 1963లోనే 'సైన్స్' అనే పత్రికలో వేశారు, ఎందుకట్టా వస్తదో కూడా అందులోనే చెప్పారు, మీరేమో మొదటి సగం వేసి రెండో సగం వదిలేశారు. చెట్టు గాలిలో కార్బన్ తీసుకుంటది, ఆల్చిప్ప అట్టా కాదు, నీళ్లల్లో కరిగిన కార్బన్‌తోనూ తినే మేతతోనూ పెంకు కట్టుకుంటది. ఆ నీళ్లల్లోకి నేలలో ఎప్పుడో కుళ్లిన ఆకూఅలమూ చేరుద్ది, కొన్నిచోట్ల సున్నపురాయి కరిగి కలుస్తది, కార్బన్-14 అంటే కాలం గడిచేకొద్దీ తరిగిపోయే రకం కార్బన్, అది ఎంత తక్కువుంటే వస్తువు అంత పాతదని లెక్క, కోట్ల ఏళ్ల నాటి ఆ రాయిలో అది ఏనాడో అయిపోయుంటది గదా. పెంకులో నాలుగో వంతు అట్టాంటి సచ్చిన కార్బన్ ఉంటే చాలు, 5730 ఏళ్ల హాఫ్‌లైఫ్‌తో (అంటే కార్బన్-14 సగానికి తరిగే కాలం) లెక్కేసుకోండి, దాదాపు 2400 ఏళ్లు ఎక్కువ చూపిస్తది.

మన పెన్నా కూడా కడప సున్నపురాళ్ల మీదుగానే సోమశిలకి వచ్చేది. మా పెద్దోళ్లు ఆల్చిప్పని బండ మీద అరగదీసి బొక్క పెట్టి దాంతో మామిడికాయ చెక్కు తీసేవోళ్లు, అట్టాంటిది ఒకటి ల్యాబ్‌కి పంపితే వయసు ఎక్కువే చెప్తదని నా అనుమానం.

అందుకే ల్యాబోళ్లు ఒట్టి గుల్లని నమ్మరు. అదే పొరలో దొరికిన బొగ్గుకి కూడా టెస్ట్ చేసి తేడా ఎంతో చూస్తారు, లేదంటే అణుబాంబుల టెస్టులు (వాటివల్ల గాలిలో కార్బన్-14 పెరిగిపోయింది) మొదలవకముందు ఫలానా సంవత్సరంలో ఏరినయ్యని రాసిపెట్టి మ్యూజియంలో దాచిన గుల్లలు తీసుకుని ఆ నదికి ఎంత తీసెయ్యాలో లెక్కగడతారు. అయితే ఆ తేడా నదికో రకంగా ఉంటది, ఒకే నదిలో కూడా చోటుని బట్టి మారుద్ది, కాబట్టి ఒక్క గుల్ల మీదే ఆధారపడి చెప్పిన తేదీని అనుమానించడంలో తప్పులేదు, ఆ మాటవరకు మీ ఐటమ్‌తో నాకు పేచీ లేదు. బొగ్గుతో కట్టిన తేదీలని కూడా దాంతోపాటే చెత్తబుట్టలో వేస్తేనే గొడవ.

ఇకమీదట ఫలానా తవ్వకాల్లో ఇన్ని వేల ఏళ్ల నాటివి దొరికాయని వేసేటప్పుడు, టెస్ట్ చేసింది బొగ్గునా ఎముకనా గుల్లనా అని ఒక్క లైను కలిపి రాయించండి, మీ రిపోర్టరు అడిగితే తవ్వినోళ్లే చెప్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా