సెలవుల జీవోతో పాటు క్యాలెండర్ ఫీడ్ కూడా ఇవ్వాలి

సంపాదకులకు,

సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవుల జాబితా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా జీవోగా వస్తుంది. దాని ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. తేదీలు మాత్రం ఎవరి ఫోన్లో వాళ్లే ఎక్కించుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వం బ్యాంకు సెలవులను ఫోన్ క్యాలెండర్లు నేరుగా చదువుకునే ఐక్యాలెండర్ (ఐసీఎస్) ఫైలుగా కూడా ఇస్తోంది. మన ప్రభుత్వాలకూ అది పెద్ద పనేమీ కాదు. కాకపోతే టెండరు రాసేముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

జనం చదవడానికే అయితే ఎప్పటికీ మారని చిరునామాలో ఒక్క ఐసీఎస్ ఫైలు ఉంచితే చాలు. ఫోన్లు అప్పుడప్పుడూ వచ్చి చదువుకునే ఆ ఫైలే ఫీడ్. ప్రతి జవాబుతో ఈట్యాగ్ (ఫైలు మారితే మారే గుర్తు) పంపాలి. ఫోన్ తర్వాతిసారి దాన్ని చూపి అడుగుతుంది. అప్పుడు మార్పేమీ లేనప్పుడు సర్వర్ 304 (మార్పు లేదు) అని ఊరుకుంటుంది, లక్షల ఫోన్లు అడిగినా భారం పడదు. దీనికోసం కాల్‌డావ్ (పలువురు రాసే క్యాలెండర్లకు వాడే పద్ధతి) సర్వర్ కట్టడం డబ్బు దండగ.

అసలు చిక్కులు ఫైలు లోపల ఉంటాయి. సెలవును అర్ధరాత్రి 12 గంటలకు మొదలయ్యే కార్యక్రమంగా రాస్తే డాలస్‌లో ఉన్నవారికి ఉగాది ముందురోజు మధ్యాహ్నం 1:30కే మొదలవుతుంది. గంటలు లేకుండా తేదీ మాత్రమే ఇవ్వాలి. ముగింపు తేదీ లెక్కలోకి రాదన్నది మరో మెలిక: 2025లో భోగి, సంక్రాంతి, కనుమ జనవరి 13 నుంచి 15 దాకా వచ్చాయి. ఆ మూడింటినీ ఒకే నమోదుగా పెడితే డీటీఎండ్‌లో (ముగింపు తేదీ గడిలో) 16 అని రాయాలి. 15 అని రాస్తే కనుమ ఎగిరిపోతుంది.

రంజాన్, బక్రీద్ నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ అవుతాయి. చాలామంది ప్రోగ్రామర్లు తేదీనే యూఐడీలో (ప్రతి నమోదుకూ ఉండే ప్రత్యేక గుర్తింపులో) కలిపేస్తారు. తేదీ మారితే యూఐడీ కూడా మారిపోయి, ఫైలును ఒకసారి దిగుమతి చేసుకుని, సవరించినది మళ్లీ ఎక్కించినవారి ఫోన్లో రెండు సెలవులూ కనిపిస్తాయి. యూఐడీలో పండుగ పేరు, సంవత్సరం ఉంటే చాలు. తేదీ సవరించినప్పుడల్లా సీక్వెన్స్ (ఎన్నో సవరణో చెప్పే) అంకెను ఒకటి పెంచాలి. ఉగాదిని ‘ఏటా ఇదే రోజు’ అనే ఆర్‌రూల్‌తో రాయడం కుదరదు, తిథి ఇంగ్లిష్ తేదీకి కట్టుబడదు కదా. ఏ ఏడాదికా ఏడాది తేదీ రాయాల్సిందే.

తెలుగులో రాస్తే ఇంకో ఇబ్బంది ఉంది. ఫైల్లో ఒక వరుస 75 బైట్లు దాటకూడదు, మించితే మడత పెట్టాలి, అంటే తర్వాతి వరుసలో కొనసాగించాలి. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతిలో) మన అక్షరానికీ, గుణింతానికీ, సున్నకూ, ఒత్తును కలిపే పొల్లుకూ తలా 3 బైట్లు. ‘సంక్రాంతి’ ఒక్క మాటే 27 బైట్లు. అక్షరం నడిమధ్యన మడత పడితే కొన్ని యాప్‌లలో పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. అక్షరాలు లెక్కపెట్టి కాదు, బైట్లు లెక్కపెట్టి, ఆ 3 బైట్ల కోడ్ పూర్తయ్యాకే విరవాలి.

సమావేశ మందిరాలు, పరీక్ష డ్యూటీల్లాగా పలువురు రాసే క్యాలెండర్లకైతే కాల్‌డావ్ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4791, 2007) కావాలి. అక్కడ ఉన్న నమోదును మార్చే ప్రతి పుట్‌తోనూ (సర్వర్‌లో రాయమనే అభ్యర్థనతోనూ) ఇఫ్-మ్యాచ్ (తాను చూసిన ఈట్యాగ్ ఇదేననే షరతు) తప్పనిసరి చేయాలి. ఈట్యాగ్ సరిపోకపోతే సర్వర్ 412 (షరతు కుదరలేదు) ఇచ్చి తిప్పికొట్టాలి. లేదంటే ఇద్దరు గుమాస్తాలు ఒకే మందిరం నమోదును తెరిచి మార్చినప్పుడు, వెనక సేవ్ చేసినవారి మాటే మిగులుతుంది, ముందువారి మార్పు చప్పుడు లేకుండా పోతుంది. వచ్చిన నమోదును సర్వర్ తనంతట తాను సవరిస్తే పుట్ జవాబులో ఈట్యాగ్ పంపకూడదు. క్లయింటు (వాడేవారి క్యాలెండర్ యాప్) మళ్లీ తెచ్చుకోవాలి. పదేపదే వచ్చే సమావేశాన్నీ, అందులో ఒకరోజుకు చేసిన మార్పునూ ఒకే వనరులో (సర్వర్‌లోని ఒకే ఐసీఎస్ ఫైలులో) ఉంచాలి.

సింక్-టోకెన్ (క్లయింటు చివరిసారి ఎక్కడిదాకా తెచ్చుకుందో చెప్పే గుర్తు, ఆర్‌ఎఫ్‌సీ 6578) పెడితే మారినవి మాత్రమే పంపొచ్చు. కానీ తొలగించిన వాటి జాడ కూడా పట్టికలో దాచాలి. వరుసను డేటాబేస్ నుంచి చెరిపేస్తే క్లయింటుకు 404 (ఇప్పుడు లేదు) అని చెప్పే ఆధారం ఉండదు, రద్దయిన సమావేశం ఫోన్లో అలాగే ఉండిపోతుంది. పాత జాడలను తీసేశాక వాటికి ముందటి టోకెన్‌తో ఎవరైనా వస్తే 403 (నిరాకరణ) ఇవ్వాలి, అప్పుడు క్లయింటు మొత్తం మళ్లీ తెచ్చుకుంటుంది.

ఒక్క సంగతి మాత్రం ఫీడ్ వల్ల కాదు. సబ్‌స్క్రైబ్ చేసుకున్న ఫీడ్‌ను ఫోన్లు గంటల తరబడి తాజా చేయకపోవచ్చు. భారీ వర్షాలకు రాత్రికి రాత్రి ప్రకటించే బడి సెలవును ఎస్సెమ్మెస్‌తోనే చెప్పాలి.

– కొందరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, విశాఖపట్నం