సర్పంచ్ సంతకం ఎవరి చేతిలో?

సంపాదకులకు,

చట్టసభల్లో మహిళలకు మూడోవంతు సీట్లంటూ 2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. దాన్ని జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. మన పంచాయతీల్లో సగం సీట్లు ఇప్పటికే మహిళలవి. లోటు సీటులో లేదు, సంతకంలో ఉంది.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో తీర్మానాల పుస్తకం మహిళా సర్పంచ్ ఇంటికే పోతుంది. భర్త వేలు పెట్టి చూపిన చోట ఆమె సంతకం చేస్తుంది. రేపు సొమ్ము తిరిగి కట్టమని రికవరీ నోటీసు వచ్చేది మాత్రం ఆమె పేరు మీదే! ఇది ఘోరం.

పుస్తకం ఆఫీసు గడప దాటకుండా కార్యదర్శి చూడాలి. తీర్మానం, బిల్లు మొత్తం, ఎంబీలో (పనుల కొలతల పుస్తకంలో) రాసిన కొలతలు ఆమెకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. చెల్లింపుల ఓటీపీ కూడా భర్త ఫోన్‌కు కాదు, ఆమె ఫోన్‌కే రావాలి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ